కన్నీళ్లు లేని కుంగుబాటు

ఇష్టంగా వండిన గుత్తివంకాయ రుచించదు. క్రికెట్‌ అంటే చెవి కోసుకునే మనిషి టీవీ కట్టేసి గోడకేసి చూస్తుంటాడు. ‘ఒట్టి బద్ధకం’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. అది జబ్బు లక్షణమూ కావచ్చు. ఆనందమన్నదే తెలియని ఈ స్థితికి 1896లో ఫ్రెంచి మనస్తత్వవేత్త రిబో పెట్టిన పేరు ‘యాన్‌హెడోనియా’. కుంగుబాటుకు ప్రధాన లక్షణాలు రెండు... దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. అంటే, కంటతడి పెట్టనివారిలోనూ కుంగుబాటు ఉండొచ్చన్నమాట! అలాంటివారికి ‘సరదాగా ఉండు’ అని చెబితే సరిపోదు. రెండు వారాలైనా తగ్గకపోతే వైద్యుల్ని కలవాలి. మందులు, కౌన్సెలింగ్‌తోపాటు మొక్కలకు నీళ్లు పోయడం, కాసేపు నడవడం లాంటి చిన్న పనులూ చేయిస్తారు. ఇష్టం పుట్టేదాకా ఆగక పని మొదలుపెడితే, ఇష్టం మెల్లగా వెనకే వస్తుందన్నది ఇందులోని సూత్రం. ‘టెలి మానస్‌’ 14416కు ఫోన్‌ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తారు.