దూలగొండి గింజ

బాలలారా! దూలగొండి పేరు చెప్పగానే మీలో కొందరికి చేతులు గోక్కోవాలనిపిస్తుంది. వానలు పడ్డాక కంచెల మీద పాకే తీగ అది. చిక్కుడు జాతికి చెందినది. దాని కాయల నిండా గోధుమరంగు నూగు ఉంటుంది. ఆ నూగు ఒంటికి తగిలిందా, ఇక దురదే దురద! సంస్కృతంలో దీనిని కపికచ్ఛువు అన్నారు. కోతికి దురద పుట్టించేది అని అర్థం.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఒక కొంటె కుర్రవాడు ఈ నూగు తెచ్చి తెలుగు పంతులుగారి కుర్చీకి పూశాడు. పాపం, ఆయన రెండు రోజులు బాధపడ్డాడు. అసలే ఆయనకు చేయి వణికేది. బోర్డు మీద రాస్తూ ఉంటే అక్షరాలు పోనుపోను చిన్నవైపోయేవి. పిల్లలు నవ్వేవారు. వయసు మీద పడుతున్నది కాబోలునని నేనూ ఊరుకున్నాను. తరువాత డాక్టరు చూచి, అది కంపవాతమని చెప్పాడు.

ఇందులో విచిత్రం ఏమిటో తెలుసా? ఆ జబ్బుకు డాక్టరు రాసిచ్చిన మాత్రలలో ముఖ్యమైన మందు ఎల్-డోపా. దూలగొండి గింజలో ఉన్నదీ అదే!

మనం చేయి ఎత్తినా, అడుగు వేసినా మెదడు ఆజ్ఞ ఇవ్వాలి. ఆ పని సాఫీగా సాగటానికి మెదడులో డోపమిన్ అనే పదార్థం కావాలి. దానిని తయారుచేసే కణాలు క్రమంగా నశించిపోతే ఒళ్ళు బిగుసుకుంటుంది, నడక మందగిస్తుంది, చాలామందికి చేతులు వణుకుతాయి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వివరంగా వర్ణించాడు. అందుకే దీనికి ఆయన పేరు వచ్చింది. ఎల్-డోపా మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారుతుంది.

మన వైద్యులు దూలగొండి గింజలను వాతరోగాలకు ఎంతో కాలంగా వాడుతూనే ఉన్నారు. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఈ గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేశారు. అయితే అది కంపవాతానికి పనికివస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ సంగతి బయటపడటానికి మన దేశపు మొక్క మరొకటి తోడ్పడింది. అదే సర్పగంధ. దాని వేరును మతిభ్రమకూ, నిద్రపట్టకపోవటానికీ మన వైద్యులు వాడేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే వైద్యులు, ఈ వేరు పిచ్చిని శాంతపరుస్తుందనీ, రక్తపు పోటును తగ్గిస్తుందనీ ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

1957లో స్వీడన్ దేశంలో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చి చూచాడు. అవి చెవులు వేలవేసి కదలక మెదలక పడిపోయినై. తరువాత వాటికి డోపా ఇచ్చాడు. కొద్దిసేపట్లోనే అవి చెవులు నిక్కించి లేచి తిరిగినై! ఇటువంటి పరిశోధనలకే ఆయనకు 2000లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. 1961లో వియన్నాలో హోర్నికీవిచ్, బిర్క్‌మేయర్ అనేవారు రోగులకు ఎల్-డోపా సూదిమందుగా ఇచ్చారు. మంచం దిగలేనివారు కొందరు లేచి నడిచారు.

ఇదంతా చదివి నేను ఒక తెలివితక్కువ పని చేశాను. బజారులో దూలగొండి చూర్ణం పొట్లం కొని పంతులుగారికి ఇచ్చాను. "మన మందే కదా, ఏం చేస్తుంది?" అన్నాను. ఆయన నా మాట మీద గౌరవంతో మాత్రలతోపాటు చూర్ణమూ వేసుకున్నాడు. వారం తిరక్కుండానే వాంతులు, కళ్ళుతిరగటం మొదలైనై. మెడా చేతులూ వాటంతట అవే మెలికలు తిరిగినై. ఆయన భార్య భయపడి నాకు కబురుచేసింది. డాక్టరు పొట్లం చూచి, "అయ్యా, ఒకే మందును రెండు దారుల్లో ఇచ్చారు. మోతాదు మించిపోయింది," అన్నాడు. నేను తల వంచుకున్నాను. చూర్ణం మానివేశాక ఆయన కుదుటపడ్డాడు.

మరి దూలగొండి పనికిరాదా? అలా అనటానికీ వీలులేదు. 2004లో లండన్‌లో 8 మంది రోగుల మీద పరీక్ష జరిగింది. 30 గ్రాముల దూలగొండి మందు మామూలు మాత్రల కంటే త్వరగా పనిచేసింది. కానీ 8 మందికి పనిచేసినంత మాత్రాన అందరికీ ఇవ్వవచ్చునని చెప్పలేము కదా! పైగా గింజలన్నిటిలో మందు ఒకే పాళ్ళలో ఉండదు.

చైనావారు కూడా తమ పాత మందులను ఇలాగే పరీక్షిస్తున్నారు. అక్కడి వైద్యంలో వాడే ఒక చిన్న మొక్క నుంచి 1980ల్లో హూపర్జిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మతిమరుపు జబ్బుకు అది పనికివస్తుందని చైనాలో జరిపిన కొన్ని పరీక్షలు చెప్పినై. అమెరికాలో 210 మంది మీద పరీక్ష చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారు ముఖ్యంగా చూచిన మోతాదులో మేలు కనిపించలేదు. తాతలనాటి మందు అని నమ్మివేయనూ కూడదు, తోసివేయనూ కూడదు. ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి, ఏ మందుతో కలవకూడదు అని పరీక్షించి తేల్చుకోవాలి.

పిల్లలూ! దూలగొండి కాయను ముట్టకండి, గింజలు నోట్లో వేసుకోకండి. పెద్దలకు నా మనవి ఒకటే. డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతూ చూర్ణమో కషాయమో వేసుకోదలిస్తే, ముందు ఆ డాక్టరుకు చెప్పండి.

పంతులుగారి జబ్బు పూర్తిగా పోలేదు. మందు దానిని అదుపులో ఉంచుతుందే తప్ప నయంచేయలేదు. మొన్న వారి ఇంటికి వెళ్ళాను. ఆయన మనమరాలు పలక పట్టుకుని పక్కన కూర్చున్నది. ఆయన నిదానంగా "అ" దిద్దించాడు. గీత కొంచెం వణికింది. ఆ పిల్ల నవ్వలేదు. తాత చేతి కింద తన చేయి ఆనించి, "ఇంకొకటి రాయి తాతా!" అన్నది.