వెండిగడియారము మీది ముద్రలు

సికింద్రాబాదు నుండి వికారాబాదు, తాండూరుల మీదుగా వాడీ వరకు 1874లో రైలుమార్గము పడిన పిదప, బొంబాయి, మద్రాసు నగరముల విలాసవస్తువులు నిజాము రాజ్యములోని జాగీర్లకు చేరుట మిక్కిలి సులభమయ్యెను. ఏ ప్రభువు పేర వికారాబాదు వెలసినదో ఆ వికార్-ఉల్-ఉమ్రా, ఫలక్‌నుమా సౌధమును కట్టించిన పైగా వంశీయుడు, 1893 మొదలు 1901 వరకు నిజామునకు దివాను. ఆ కాలపు వెండితొడుగు గల బల్లగడియారము ఈ ప్రాంతమున ఏ పాత దేవిడీలోనైనను, ఏ షావుకారు ఇంటి బీరువాలోనైనను నేడు బయల్పడినచో, దానిని చేసినవాడెవడో తెలిసికొనుటకు ఇంటిలో చెప్పుకొను కథలకంటె ఆ వెండిమీద గుద్దిన చిన్న గుర్తులే నమ్మదగిన సాక్షులు.

మొదట అది వెండియే యగునా యని చూడవలెను. ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అను అక్షరములు విడివిడి చట్రములలో కొలువుదీరి రాజముద్రలవలె కనుపట్టినను, అది జర్మన్ వెండిమీది పూత మాత్రమే. పూత క్రింది లోహములో రాగి, నికెలు, తుత్తునాగములు కలవు గాని వెండి లేశమైనను లేదు.

నిజమైన ఆంగ్లేయ వెండిమీద, తొడుగు అంచునగాని అడుగునగాని, సాధారణముగా వరుసగా నాలుగైదు ముద్రలుండును. ముందుకాలు ఎత్తి నడచు సింహము వేయింట 925 పాళ్ల మేలిమికి గుర్తు. వెండిని పరీక్షించిన ఊరిని తెలుపు గుర్తులలో చిరుతతల లండనును, లంగరు బర్మింగ్‌హామును, ఆనాటి కిరీటము షెఫీల్డును చెప్పును. వీనికి తోడు సంవత్సరమును తెలుపు అక్షరమొకటి కలదు. అన్నిటికంటె మేధకు పని పెట్టునది ఇదియే. లండనువారు ఇరువది అక్షరములతో ఒక ఆవృత్తము నడపి, అది ముగియగానే లిపిరూపమునో, చట్రపు ఆకారమునో మార్చి మరల మొదటినుండి ప్రారంభించుచుండిరి. కావున ‘ఎ’ అక్షరము 1876లోను, 1896లోను, 1916లోను వచ్చినది. ఆ అక్షరముతోపాటు విక్టోరియా రాణి శిరస్సు కూడ ముద్రితమై యుండినచో, వెండిపై సుంకము చెల్లినదను ఆ గుర్తు 1890లో సుంకముతోనే రద్దయినది గనుక, ఆ గడియారపు తొడుగు ఈ మూడింటిలో 1876 నాటిదనియే నిశ్చయింపవచ్చును. శిరస్సు లేనిచో తక్కిన రెండు సంవత్సరములలో ఏదియో అక్షరపు రూపము తేల్చును. ఇట్లు ఒక ముద్ర మరియొక ముద్రకు పూచీ పడును. ఒంటరి ముద్రను నమ్మి తీర్పు చెప్పుట తగదు.

ఇక కర్త పేరు. ఇంగ్లండులో ప్రతి పనివాడును తన గుర్తును వేయవలెనని 1363లోనే శాసనమైనది. ‘డబ్ల్యు.సి.’ అను అక్షరములు లండను ముద్రలతో కనబడినచో, వెండితొడుగులకు ప్రసిద్ధుడైన విలియం కామిన్స్ స్ఫురించుట సహజమే. కాని అవే అక్షరములు గల ఇతరులును ఉండిరి గనుక, చట్రపు ఆకారమును, అక్షరముల నడుమ చుక్కను సైతము సర్ చార్లెస్ జాక్సన్ 1905లో ప్రకటించిన ఉద్గ్రంథము వంటి పట్టికలతో సరిచూడవలెను. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు: ఆ ముద్ర తొడుగును పరీక్షకు పంపి దాని మేలిమికి బాధ్యత వహించినవానిదే గాని, లోపలి యంత్రమును చేసినవానిది కాదు. ఆంగ్లేయ వెండిలో ఫ్రెంచి, స్విస్ యంత్రములు తరచు ఒదిగియుండును. వాని జాడ వెనుక పలకపై వెదకవలెను. ముఖముమీద వ్రాసిన పేరు బహుధా అమ్మినవానిది. సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో జనులు గంటకొట్టు బొమ్మకై ఎదురుచూచు సంగీత గడియారముతో ముడిపడిన పేరు కుక్ అండ్ కెల్వీ. 1858లో వెలసిన ఆ సంస్థ కలకత్తాలో నగలును, వెండిసామానును, గడియారములును అమ్మిన అంగడి. పేరు చూడగానే కర్త దొరకెనని తృప్తిపడువారు ఇచ్చటనే మోసపోవుదురు.

మన దేశమున ఆంగ్లేయుల కాలమున ఇట్టి పరీక్షాలయములు లేవు. అందుచేత కలకత్తా హామిల్టన్ సంస్థయు, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ సంస్థయు తమ గుర్తులను తామే వేసికొనిరి. హామిల్టన్‌వారి సామానుపై ఏనుగుబొమ్మ కనిపించుట కలదు. అట్టివానిని ఆంగ్లేయ పట్టికలలో వెదకుట వృథాశ్రమ. వెండికి హాల్‌మార్కు మనకు 2005లో గాని రాలేదు.

ఇట్టి గడియారముల ముఖభాగము తరచు పలుచని వెండిరేకు, వెనుక కొయ్య. కరిగించినచో చేతికి వచ్చునది స్వల్పము, పోవునది చరిత్ర యంతయు. కావున అట్టిది మీ యింట నున్నచో ముద్రలున్నచోట పొడులతో తోమకుడు. ఏటవాలు వెలుతురులో, పదిరెట్లు పెంచు భూతద్దముతో చూచి, ప్రతి ముద్రకును ఛాయాచిత్రము తీయించి, లోపలి యంత్రమును ఎరిగినవానిచేత విప్పించి చూపించుకొనిన పిదపనే అమ్మకముమాట తలపెట్టుడు. అంతవరకు దానిని తక్కెడలో మాత్రము పెట్టకుడు.