చిల్కా సరస్సులోని డాల్ఫినులు

పూడిక యననేమో నిజామాబాదు జిల్లా రైతునకు వేఱుగా చెప్ప నక్కఱలేదు. 1931లో మంజీరా నదిపై నిజాంసాగరము పూర్తియైన పిదప బోధను ప్రాంతమున చెఱకు సాగు విస్తరిల్లెను. కాని యేటేట వరదతో వచ్చిన ఒండ్రు జలాశయపు అడుగున పేరుకొని దాని లోతును తగ్గించినది. కాలువ పూడినచో చివరి పొలమునకు నీరందదు, చెఱకు ఎండిపోవును. ఇట్టి పూడికయే దూరమున సముద్రతీరమందలి యొక సరస్సునకును పట్టినది. అచ్చట దానివలన ముప్పు వాటిల్లినది పంటకు గాదు, ఒక అరుదైన జంతువునకు.

ఆ జంతువు ఇరావతి డాల్ఫిను. చూపునకు చేపవలె నున్నను ఇది చేప కాదు. దీనికి మొప్పలు లేవు. మనుష్యునివలె ఊపిరితిత్తులతో గాలి పీల్చును. పిల్లను కని పాలిచ్చి పెంచును. ఇతర డాల్ఫినులకు వలె దీని మూతి ముందుకు పొడుచుకొని యుండదు. తల గుండ్రముగా నుండును. వీపుపై చిన్న రెక్క యొకటి కలదు. ఆడుది సుమారు 14 నెలలు గర్భము మోసి ఒక్క పిల్లనే కనును. మరల కనుటకు రెండు మూడేండ్లు పట్టును. కావున చిన్న మందలో ఏటేట నాలుగైదు చచ్చినను ఆ లోటు తీరుట కష్టము.

పేరు బర్మాలోని ఇరావతి నదిదే యైనను, ఇది శాస్త్రలోకమునకు పరిచయమైనది తెలుగు తీరముననే. 1852లో విశాఖపట్టణపు రేవులో దొరకిన యొక డాల్ఫినును సర్ వాల్టర్ ఇలియట్ సేకరించెను. అమరావతి శిల్పములను మద్రాసునకు చేర్చిన దొర యితడే. 1866లో రిచర్డ్ ఓవెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి, పొట్టి మూతి గలదను అర్థము వచ్చునట్లు లాటిను పేరిడెను.

ఇరావతి నదిలో ఈ జంతువునకును జాలరులకును చిత్రమైన పొత్తు కలదు. జాలరి పడవ అంచును కఱ్ఱతో తట్టి పిలువగా, డాల్ఫినులు చేపలను గుంపుగా తరిమి వలవైపునకు తెచ్చును. చెదరిన చేపలు వాని కాహారమగును. ఇంత తెలివిగల ప్రాణిని చంపుచున్నదియు వలయే యగుట విచారకరము. నీటిలో నిలువుగా కట్టి వదలిన సన్నని నైలాను వలలో చిక్కిన డాల్ఫిను పైకి తేలి గాలి పీల్చజాలదు. నీట బ్రతుకు జంతువు నీటిలోనే ఊపిరాడక మరణించును. లావోసు దేశమున మెకాంగు నదిలో మిగిలిన కడపటి డాల్ఫిను 2022లో చనిపోయెను. అదే నదిలో, దిగువనున్న కంబోడియాలో, ఇప్పుడు నూఱింటికి అటునిటుగా మాత్రమే కలవు.

చిల్కా కథ మఱియొక రీతిగా నడచెను. ఒడిశాలో పూరీ, ఖుర్దా, గంజాము జిల్లాలలో వ్యాపించిన ఈ సరస్సు వర్షకాలమున వేయి చదరపు కిలోమీటర్లను మించును. ఆ తీరమున నోలియాలని పిలువబడు తెలుగు జాలరులు నివసించుచున్నారు. నదుల మంచినీరు ఒకవైపున, సముద్రపు ఉప్పునీరు మఱియొకవైపున చేరి కలియుటయే చిల్కాకు జీవము. కాని నదులు తెచ్చిన ఒండ్రు, సముద్రము త్రోసిన ఇసుక చేరి మొగ పూడసాగెను. ఉప్పు తగ్గెను, నాచు పెరిగెను. సముద్రమునుండి చేపలు, రొయ్యలు వచ్చు దారి మూసికొనెను. జాలరులకు బ్రతుకుదెరువు, డాల్ఫినులకు ఆహారము ఒక్కసారే కఱవయ్యెను. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గలదిగా గుర్తింపబడిన సరస్సు, 1993 నాటికి చెడిపోవుచున్న తడినేలల పట్టిక కెక్కెను.

అప్పుడు చిల్కా అభివృద్ధి సంస్థవారు డాల్ఫినును పట్టి తొట్టిలో పెంచ యత్నింపలేదు. నీటికి దారి తీసిరి. 2000 సెప్టెంబరులో సాతపడ సమీపమున ఇసుక దిబ్బను త్రవ్వి సముద్రమునకు క్రొత్త మొగ తెఱచిరి. ఉప్పునీరు మరల లోనికి వచ్చెను. 1999–2000లో సుమారు 1,750 టన్నులుగా నున్న చేపల రాబడి రెండేండ్లలో 12,000 టన్నులకు చేరువయ్యెను. 2002లో చిల్కా పేరు ఆ చెడ్డ పట్టికనుండి తొలగెను.

అంతటితో చిక్కులు తీరలేదు. రొయ్యల పెంపకమునకై వెదుళ్లు, వలలతో సరస్సును చీలికలుగా చేసి కట్టిన ఘేరీలు డాల్ఫినుల దారుల కడ్డు నిలిచెను. 2017 నుండి ప్రభుత్వము వానిని పెద్దయెత్తున తొలగింపగా, ఆ నీరు డాల్ఫినుల రాకపోకలకు మరల వీలయ్యెను. యాత్రికులను దగ్గఱగా చూపవలెనను ఆత్రముతో మోటారు పడవలవారు వానిని వెంటాడుటయు కలదు. అడుగున తిరుగు ఱెక్కలు వాని శరీరమును కోయగలవు. అయినను, డాల్ఫినును చూడ వచ్చువారివలననే సాతపడ పడవవారి యిల్లు గడచుచున్నందున, దానిని దూరమునుండియే చూపుట వారికిని లాభమే.

ఇటీవలి గణనలలో చిల్కాయందు నూటయేబదికి అటునిటుగా డాల్ఫినులు కానవచ్చినవి. తెఱచిన మొగ మాత్రము ఉన్నచోట నుండదు. అలలు ఇసుకను త్రోయుచున్నకొలది అది ప్రక్కకు జరుగుచుండును.