ఒక్క జవాబుతో చీలిన రాజ్యం

కాల్గరీలో ఆదివారాలు మన పిల్లలకు బైబిలు కథలు తెలుగులో చెబుతుంటాను. ఇశ్రాయేలు రాజ్యం రెండుగా ఎందుకు చీలిందన్నది వాళ్లు తరచూ అడిగే ప్రశ్న.

దాని మూలం సొలొమోను కాలంలోనే ఉంది. దేవాలయం కట్టడానికి 7 ఏళ్లు పడితే, ఆయన సొంత భవనానికి 13 ఏళ్లు పట్టిందని రాజుల మొదటి గ్రంథం చెబుతుంది. ఆ కట్టడాల వెట్టిచాకిరీ ప్రజల మెడమీద పడింది. ఆయన పోయాక జనం షెకెములో కొడుకు రెహబామును అడిగింది ఒక్కటే: భారం కాస్త తగ్గించమని. ఆయన 3 రోజులు గడువు తీసుకున్నాడు. పెద్దలు మెత్తగా మాట్లాడమన్నారు, తోటి కుర్రాళ్లు ఇంకా బిగించమన్నారు. రాజు కుర్రాళ్ల మాటే విన్నాడు. పది గోత్రాలు విడిపోయి యరొబామును రాజుగా చేసుకున్నాయి.

యరొబాముది వేరే భయం. ఆరాధనకు యెరూషలేము వెళ్లిన జనం మళ్లీ రెహబాము వైపు తిరుగుతారేమోనని బేతేలులో, దానులో బంగారు దూడలు నిలిపాడు. ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు చేతిలో కూలింది. హిజ్కియా, యోషీయా వంటి మంచి రాజులు ఏలినా, యూదా కూడా క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనుకు లొంగింది.

శత్రువు రాకముందే రాజ్యం లోపల విరిగిందని మీ పిల్లలకు చూపించండి. మన ఇళ్లలో, సంఘాల్లో భారం తగ్గించమని అడిగేవాళ్లకు మనం ఏ జవాబు ఇస్తున్నామో కూడా ఒకసారి చూసుకుందాం.