ఏడాది అప్రెంటిస్‌షిప్‌లో నిజంగా ఏం నేర్పుతారు?

పోయిన ఎపిసోడ్‌లో సీఏ ఆర్టికల్‌షిప్ గురించి మాట్లాడుకున్నాం కదా, ఈసారి నా సొంత కథ. బీకాం అవ్వగానే హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరాను. 2024 జులై నుంచి 2025 జూన్ దాకా, సరిగ్గా ఏడాది. నా క్లాస్‌మేట్స్ సగం మంది ఎంకాంలో చేరారు. ఇదీ ఒక చదువే కదా అనుకుని నేను ఇటు వచ్చాను.

ముందు అప్రెంటిస్ అంటే ఎవరో చెప్పాలి. ఎందుకంటే మా నాన్న తెనాలిలో కనిపించిన ప్రతివాళ్ళకీ "అమ్మాయికి ఉద్యోగం వచ్చింది" అని చెప్పేశారు. ఉద్యోగం కాదండి అది. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం ప్రకారం మనం ట్రైనీలం, వర్కర్లం కాదు. అందుకే పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. వచ్చేది కూడా జీతం కాదు, స్టైపెండ్. నేను చేసిన ఏడాది డిగ్రీవాళ్ళకి కనీస స్టైపెండ్ నెలకి 9,000. నాకు ఇచ్చిందీ అంతే. అందులో 4,500 కేంద్ర ప్రభుత్వం నాట్స్ పథకం కింద నేరుగా మన బ్యాంకు ఖాతాలో వేసేది. ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ఖాతాకి ఆధార్ ఇచ్చాను కదా, చాలనుకున్నాను. ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు పడేలా సీడింగ్ చేయించడం వేరు. బ్యాంకుకెళ్ళి అది చేయించేదాకా ఆ సగం రాలేదు. కూకట్‌పల్లిలో హాస్టల్‌కే 6,500 అయ్యేది. ఆ రెండు నెలలూ నాన్నే పంపారు, ఉద్యోగం వచ్చిన అమ్మాయికి!

ఇక పని. నన్ను వేసింది వెండర్ పేమెంట్స్‌లో. అంటే కంపెనీకి సరుకు ఇచ్చినవాళ్ళ బిల్లులు చూసి, సరిగ్గా ఉంటే సిస్టమ్‌లో ఎక్కించడం. కాలేజీలో జర్నల్ ఎంట్రీలు, లెడ్జర్లు అన్నీ చేశాం కానీ, బిల్లు నిజమో కాదో ఎలా తెలుస్తుందన్నది ఎవరూ చెప్పలేదు. పద్ధతి సింపులే. మూడు కాగితాలు ఒకదానితో ఒకటి కలవాలి. మనం ఎంత కావాలన్నామో చెప్పే పర్చేజ్ ఆర్డర్, ఎంత వచ్చిందో స్టోర్స్‌వాళ్ళు వేసిన ఎంట్రీ, ఎంతకి డబ్బు అడుగుతున్నారో చెప్పే బిల్లు. అయిదొందల అట్టపెట్టెలు ఆర్డర్ చేశాం, నాలుగొందల ఎనభై వచ్చాయి, బిల్లు మాత్రం అయిదొందలకి వేశారు. అక్కడ ఆగిపోతుంది. ఆగిన బిల్లు ఎందుకు ఆగిందో వెతకడమే ఈ పనిలో అసలు చదువు. చాలాసార్లు తప్పు వెండర్‌ది కాదు, స్టోర్స్‌లో ఎంట్రీ వేయడం మర్చిపోయి ఉంటారు.

జీఎస్టీ నంబర్ కూడా అలాగే. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్ అని పుస్తకంలో చదివాను. తెలంగాణ 36, ఆంధ్ర 37. విజయవాడ బ్రాంచి నుంచి వచ్చిన బిల్లుని హైదరాబాద్ బ్రాంచి కింద ఎక్కిస్తే పన్ను ఐజీఎస్టీ బదులు సీజీఎస్టీ, ఎస్జీఎస్టీగా విడిపోతుంది. తర్వాత అదంతా సరిచేయడానికి ఒక పూట పోతుంది. ఒకసారి పోయింది కాబట్టే ఇప్పటికీ గుర్తుంది.

నాలుగో నెలలో పెద్ద తప్పు చేశాను. చర్లపల్లిలో అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్ ఆయన ఫోన్ చేశారు. అంతకుముందు చాలాసార్లు చేసేవారు, "అమ్మా, నా బిల్లు ఏమైందమ్మా" అని. ఈసారి మాత్రం, "అమ్మా, డబ్బులు రెండుసార్లు వచ్చాయి, ఒకసారి చూడండి" అన్నారు. చూస్తే నిజమే, 38,940 రూపాయలు రెండుసార్లు వెళ్ళాయి. బిల్లు నంబర్ 047. మొదట ఎవరో దాన్ని 47 అని ఎక్కించారు. అదే బిల్లు మెయిల్‌లో మళ్ళీ వస్తే నేను 047 అని ఎక్కించాను. మా సిస్టమ్ నంబర్ అక్షరం అక్షరం కలిస్తేనే డూప్లికేట్ అని పట్టుకుంటుంది. ముందు సున్నా ఉంటే దానికి అది వేరే బిల్లు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. మా టీమ్ లీడ్ సర్ తిట్టలేదు. ఎలా జరిగిందో ఒక పేజీలో రాసుకురమ్మన్నారు. రాస్తుంటే అనుమానం వచ్చి, సున్నాలూ గీతలూ తీసేసి పాత నంబర్లన్నీ ఎక్సెల్‌లో పోల్చి చూశాను. ఇంకో రెండు దొరికాయి, నేను చేరకముందువి. ఏడాది మొత్తంలో నేను నిజంగా నేర్చుకున్న వారం ఏదంటే అదే.

కానీ తర్వాత ఏమైందో చూడండి. పని వచ్చేసింది కాబట్టి అదే పని ఇచ్చారు. రోజుకి అరవై బిల్లులు. అయిదో నెల అరవై, ఆరో నెల అరవై. పక్క సీట్లో అక్క కూడా అదే పని చేస్తారు. ఆవిడకి జీతం, నాకు స్టైపెండ్. ఇది నాకు కోపం తెప్పించిన విషయమే, దాచను. శిక్షణ అని పిలిచినంత మాత్రాన శిక్షణ అయిపోదు. నాలుగు నెలలు నేర్చుకున్నాను, మిగతా నెలలు చవగ్గా పని చేశాను అనిపించింది. కంపెనీ ఒక్కటే కారణం అని కూడా అనలేను. మూడు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్ట్ నింపేటప్పుడు "ఏం నేర్చుకున్నారు" అన్నచోట మొదటిసారి రాసిందే కాపీ చేశాను. అక్కడైనా నోరు తెరవలేదు. జనవరిలో ధైర్యం చేసి, "సర్, నెలాఖరు క్లోజింగ్‌లో కూర్చోనివ్వండి" అని అడిగాను. ఆయన వెంటనే సరే అన్నారు. అడగడానికి ఆరు నెలలు పట్టింది నాకు.

అలా కూర్చున్నాను కాబట్టే మార్చి అర్థమైంది. చిన్న, సూక్ష్మ పరిశ్రమలకి కట్టాల్సిన డబ్బు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో కట్టాలి. గడువు దాటి, మార్చి 31కి కూడా కట్టకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోవడం కుదరదు. 2023-24 నుంచి వచ్చిన నియమం ఇది, అప్పట్లో సెక్షన్ 43బి(హెచ్). అందుకే మార్చిలో అంతా చిన్న వెండర్ల బిల్లులు వెతికి వెతికి కట్టేశారు. చర్లపల్లి ఆయన బిల్లు నెలల తరబడి ఎందుకు ఆగిందో ఎవరూ అడగలేదు, మార్చి వచ్చేసరికి అందరూ అడిగారు.

మే నెలలో హెచ్ఆర్ మేడమ్ పిలిచి, ఖాళీలు లేవు, జూన్‌తో అయిపోతుంది అన్నారు. చట్టంలో సెక్షన్ 22 ప్రకారం, ముందే ఒప్పుకుని ఉంటే తప్ప, అప్రెంటిస్‌కి ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదు. ఆఫర్ ఇచ్చినా చేరాలన్న బలవంతం మనకీ లేదు. నేనిది చదివింది ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని. చేరేముందు చదివి ఉండాల్సింది. నాన్నకి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన కాసేపు ఆగి, "సర్టిఫికెట్ ఇస్తారా అమ్మా?" అన్నారు.

ఇస్తారు, అది జాగ్రత్త. పీఎఫ్ లేదు కాబట్టి ఈ ఏడాది మీ పీఎఫ్ రికార్డులో ఎక్కడా కనబడదు. తర్వాత ఎవరైనా అనుభవానికి రుజువు అడిగితే చూపించడానికి ఆ ప్రొఫిషియెన్సీ సర్టిఫికెటే ఉంటుంది. కంపెనీ రిపోర్టులన్నీ పోర్టల్‌లో పెట్టిందో లేదో ఆఖరి నెలలో కాదు, మధ్యమధ్యలో చూసుకోండి. నాకు ఒకటి పెట్టలేదు, నాలుగుసార్లు గుర్తుచేస్తే పెట్టారు.

చివరి వారం నా సీట్లోకి నల్గొండ నుంచి ఒక తమ్ముడు వచ్చాడు, కొత్త అప్రెంటిస్. మొదటిరోజు అన్నిటికీ తలూపుతున్నాడు, నాలాగే. మధ్యాహ్నం బిల్లు ఎక్కిస్తూ ఆగి, "అక్కా, ఇక్కడ ముందు సున్నా వేయాలా వద్దా?" అన్నాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎక్సెల్ ఓపెన్ చేయమన్నాను.