రాత్రి తొమ్మిదిన్నరకు మన ఇంట్లో టీవీ

ఇషా నమాజు ముగించుకుని, దస్తర్ఖాన్ పరిచే వేళకు మన ఇళ్లలో చాలావాటిలో టీవీ మోగుతూనే ఉంటుంది. ఒక ఛానల్‌లో పేరున్నవాళ్లు పదిహేను మంది ఒకే ఇంట్లో ఉండి పోట్లాడుకుంటుంటారు. ఛానల్ మారిస్తే ఒక నటి కాపురం నిలుస్తుందా లేదా అని నలుగురు కూర్చుని చర్చిస్తుంటారు. ఇంకో ఛానల్‌లో కింద ఎర్రపట్టీ మీద 'సంచలనం' అన్న మాట పరుగెడుతుంటుంది. ఇంటిల్లిపాదీ అన్నం తింటూ అదే చూస్తారు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో ఆరో తరగతి పిల్లవాడు తన చెల్లెలితో "ఈ వారం నువ్వు ఎలిమినేట్" అని చెప్పి, గది బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. పెద్దవాళ్లంతా నవ్వారు. దాదీ మాత్రం నవ్వలేదు. "మనిషిని ఇంట్లోంచి పంపెయ్యడం ఎప్పటినుంచి ఆట అయింది బేటా?" అని అడిగారు. ఆ ప్రశ్నే మా చేత ఈ వ్యాసం రాయించింది. టీవీ పగలగొట్టమని చెప్పడం మా ఉద్దేశం కాదు. తెర మీద కనిపించేది ఎలా తయారవుతుందో తెలిస్తే, ఎంత చూడాలో, ఏది మానాలో ఎవరింట్లో వారే నిర్ణయించుకోగలరు.

ఈ ఆట ఎక్కడిది?

ఇలాంటి కార్యక్రమాలకు మూలం నెదర్లాండ్స్‌లో 1999లో మొదలైన 'బిగ్ బ్రదర్'. ఆ పేరును జార్జ్ ఆర్వెల్ 1949లో వెలువరించిన నవల నుంచి తీసుకున్నారు. ఆ నవలలో ప్రజల ప్రతి కదలికనూ కనిపెట్టే పాలకుడి పేరు అది. భయపెట్టడానికి రాసిన మాట యాభై ఏళ్లకు వినోదం పేరయింది. మన దేశంలో 'బిగ్ బాస్' పేరుతో హిందీలో 2006లోనూ, తెలుగులో 2017 జులైలోనూ మొదలైంది. తెలుగులో మొదటి ఏడాది జూనియర్ ఎన్టీఆర్, రెండో ఏడాది నాని, 2019 నుంచి నాగార్జున దాన్ని నడిపించారు.

ఆటలో సొమ్ము పెద్దది. తెలుగులో మొదటి విజేతకు 50 లక్షల రూపాయలు ఇచ్చారు. గెలవాలంటే మనం ఓటు వేయాలి. మనం ఓటు వేయాలంటే వాళ్లు మనకు గుర్తుండాలి. ఒక మూల కూర్చుని తన పని తాను చేసుకునేవాడికంటే గొంతు పెంచి పోట్లాడేవాడే బాగా గుర్తుంటాడు. పైగా ఎవరిని బయటికి పంపాలో తోటివారే పేర్లు చెప్పాలి, అదీ కారణంతో సహా. అంటే తగవు పెరగడానికి కావలసినవన్నీ ఆట నియమాల్లోనే ఉన్నాయి. లోపలికి వెళ్లినవారంతా చెడ్డవాళ్లు కావడం వల్ల తగవులు వస్తున్నాయనుకుంటే పొరపాటు.

మనకు చూపించేది ఎంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంట్లో పదిహేను మంది ఉంటే, ఒక్కొక్కరికి ఇరవై నాలుగు గంటల చొప్పున రోజుకు 360 గంటల జీవితం. టీవీలో ఒక గంట ఇస్తారు. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. మిగిలేది 48 నిమిషాలు. 360 గంటల్లోంచి ఏ 48 నిమిషాలు తీయాలో గదిలో కూర్చున్న ఎడిటర్లు నిర్ణయిస్తారు. ఒక మనిషి రోజంతా మర్యాదగా ఉండి ఒక్క నిమిషం కోపగిస్తే, ఆ నిమిషమే మన ఇంటికి వస్తుంది. దానికి గంభీరమైన సంగీతం, పక్కవాళ్ల ముఖాలు జోడిస్తారు. అప్పుడు మనం "వీడి బుద్ధే అంత" అని తీర్పు చెప్పేస్తాం.

మనకు తెలియని మనిషి మీద, అతను లేని చోట, సగం చూసి మాట్లాడటాన్ని ఏమంటారో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గీబత్ వద్దనీ, ఇతరుల గుట్టు వెతకవద్దనీ చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాం. వీధి అరుగు మీద తప్పయినది సోఫా మీద కూర్చుంటే ఒప్పు కాదు.

అభిమానం కూడా హద్దు దాటుతోంది. 2023 డిసెంబరులో తెలుగు బిగ్ బాస్ ఫైనల్ ముగిసిన రాత్రి హైదరాబాద్‌లో స్టూడియో బయట అభిమానులు గొడవకు దిగి ఆర్టీసీ బస్సుల అద్దాలు, కార్ల అద్దాలు పగలగొట్టారు. పోలీసు కేసులు పెట్టారు. ఆ బస్సులు జనం సొమ్ముతో కొన్నవే.

వార్త పేరుతో వచ్చే వినోదం

రియాలిటీ షోను ఆట అని తెలిసే చూస్తాం. సినిమా కబుర్లు వార్తల రూపంలో వచ్చినప్పుడు జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. 2018 ఫిబ్రవరి 24న శ్రీదేవి దుబాయ్‌లో మరణించారు. ఆమె ప్రమాదవశాత్తు స్నానపు తొట్టెలో మునిగి చనిపోయారని అక్కడి అధికారులు తేల్చి కేసు ముగించారు. ఈలోపు మన దేశంలోని ఛానళ్లు స్టూడియోల్లో తొట్టెల బొమ్మలు పెట్టి ఊహలు చెప్పాయి. ఒక తెలుగు ఛానల్ విలేకరి అయితే తానే తొట్టెలోకి దిగి చూపించాడు. తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఆ రోజుల్లో ఇంట్లోనే ఉన్నారన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మన వీధిలో చావు జరిగితే మనం గొంతు తగ్గిస్తాం. టీవీలో చావు జరిగితే గొంతు పెంచుతారు. ఎందుకు?

రేటింగు కోసం. దేశంలో కోట్ల ఇళ్లలో టీవీలున్నా, ఎవరు ఏం చూస్తున్నారో లెక్కించే మీటర్లు కొన్ని వేల ఇళ్లలోనే ఉంటాయి. బార్క్ అనే సంస్థ ఆ లెక్కలు ఇస్తుంది. ఆ అంకెను బట్టే ప్రకటనల ధర నిర్ణయమవుతుంది. కాబట్టి ఛానల్‌కు మనం మెచ్చుకుంటూ చూస్తున్నామా, తిట్టుకుంటూ చూస్తున్నామా అన్నది అనవసరం. చూస్తే చాలు. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఎందుకు పెడతారో కూడా దీనితో అర్థమవుతుంది. 'విడిపోయారు' అని రాస్తే రుజువు చూపాలి. 'విడిపోతున్నారా?' అని అడిగితే ఏ రుజువూ అక్కర్లేదు, జనం మాత్రం ఆగి చూస్తారు.

చూసేవాడికి బలం లేదా?

ఉంది. 2007 జనవరిలో బ్రిటన్‌లో ప్రముఖుల బిగ్ బ్రదర్‌లో మన శిల్పా శెట్టి పాల్గొన్నారు. తోటివారు కొందరు ఆమె యాసను, ఆమె దేశాన్ని ఎగతాళి చేశారు. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. ప్రధాన ప్రకటనదారు తప్పుకున్నాడు. ఆఫ్‌కామ్ విచారించి, ఛానల్‌ది తప్పేనని తేల్చి, ఆ సంగతి తెర మీదే వినిపించాలని ఆదేశించింది. ఫిర్యాదు చేసినవారు పెద్ద అధికారులేమీ కాదు. మనలాగే ఇంట్లో కూర్చుని చూసినవారే.

మన దగ్గరా దారి ఉంది. కేబుల్ టీవీ చట్టం 1995లో వచ్చింది. దాని కింద కార్యక్రమాలకు ఒక నియమావళి ఉంది. అశ్లీలం, పరువు నష్టం, అర్ధసత్యాలు ఉండకూడదని అది చెబుతుంది. 2021లో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదుకు మూడు మెట్లున్నాయి. ముందు ఛానల్‌కే రాతపూర్వకంగా పంపాలి. వారు 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తృప్తి కలగకపోతే ఛానళ్లు ఏర్పాటు చేసుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే కేంద్ర ప్రభుత్వం ఉంది. రాసేటప్పుడు ఛానల్ పేరు, తేదీ, సమయం, ఏ మాట లేదా ఏ దృశ్యం అభ్యంతరకరమో స్పష్టంగా రాయాలి. "మీ ఛానల్ బాగాలేదు" అని రాస్తే ప్రయోజనం ఉండదు.

2019 నుంచి మనకు కావలసిన ఛానళ్లనే ఎంచుకుని డబ్బు కట్టే వీలు కూడా వచ్చింది. కేబుల్ అబ్బాయి నెల సొమ్ముకు వచ్చినప్పుడు, ప్యాకేజీలో ఏమేమి ఉన్నాయో ఒకసారి అడిగి, అక్కర్లేనివి తీయించుకోండి.

ఇంట్లో చేయగలిగినవి

పిల్లలను కసిరి టీవీ కట్టేస్తే వారు ఫోన్‌లో చూస్తారు. అంతకంటే పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగడం మేలు. దీనికి ముందు ఏం జరిగిందో చూపించారా? అవతలి మనిషి ఏమన్నాడో వినిపించారా? మన ఇంటి మనిషి గురించి ఇలా చెబితే నీకెలా ఉంటుంది? నాలుగు రోజులు ఇలా అడిగితే అయిదో రోజు పిల్లలే అడగడం మొదలుపెడతారు. భోజనం చేసే అరగంట మాత్రం టీవీ ఆపి ఉంచండి. పిల్లల స్కూలు సంగతులు, పెద్దల ఆరోగ్యం ఆ అరగంటలోనే బయటికి వస్తాయి.

ఒక సీజన్ దాదాపు నూరు రోజులు నడుస్తుంది. రోజుకు గంట చొప్పున ఏడాదికి నూరు గంటలు. మీరిచ్చే ప్రతి రూపాయికీ మీరు రసీదు అడుగుతారు, లెక్క చూస్తారు. అది మీ హక్కు, మా బాధ్యత. ఈ నూరు గంటలకు కూడా ఇంట్లో ఎవరో ఒకరు లెక్క అడగాలి. ఆ ఇంట్లో దాదీ అడిగారు. ఆ పిల్లవాడు తలుపు తీసి చెల్లెలిని లోపలికి పిలిచాడు.