ఇంజనుకూ ఊపిరాడాలి

దోహాలో జనరేటర్ల పక్కన పనిచేసే మనవాళ్ళకు నల్లపొగ కొత్త కాదు. మొన్న శుక్రవారం కలుసుకున్నప్పుడు ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు: "అన్నా, కటింగు సిలిండర్ల ఆక్సిజన్ ఇంజనుకిస్తే పొగ తగ్గదా?"

ప్రశ్న మంచిదే. గాలిలో ప్రాణవాయువు 21 శాతమే. మిగతాది చాలావరకు నత్రజని. పైగా 45 డిగ్రీల గాలి, 25 డిగ్రీల గాలి కన్నా సుమారు 6 శాతం పలచన. ఊపిరి చాలని ఇంజనులో డీజిలు పూర్తిగా కాలక మసి అవుతుంది. ప్రాణవాయువు పాలు కాస్త పెంచితే మసి తగ్గుతుంది, శక్తి పెరుగుతుంది. 1990లలో అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలవారు గాలిని వడగట్టే పొరలతో దీన్ని పరిశీలించారు.

అయితే మంట వేడి పెరిగేకొద్దీ నత్రజని ఆక్సైడ్లు పెరుగుతాయి. అవి మసిలా కనబడవు గాని ఊపిరితిత్తులకు చేటు. ప్రాణవాయువు తీయడమూ తేలిక కాదు. రాస్ లఫాన్‌లో 2011లో మొదలైన పర్ల్ కర్మాగారం అందుకోసమే 8 భారీ యూనిట్లు కట్టుకుంది.

ఇక సిలిండరు గొట్టం ఇంజనుకు తగిలించడం ప్రాణాలతో చెలగాటం. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే నిప్పు లేకుండానే భగ్గుమనవచ్చు. తమ్ముడికి అదే గట్టిగా చెప్పాం.

మరి చేయదగినదేమిటి? ఇసుక పట్టిన ఎయిర్ ఫిల్టరు ఇంజను గొంతు నొక్కుతుంది, వేళకు మార్పించండి. పొగగొట్టం మనుషుల వైపు తిరిగి ఉంటే ఫోర్‌మన్‌కు చెప్పండి. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. మొహమాటపడకండి. ఇంటిదగ్గర మనకోసం ఎదురుచూసేవాళ్ళున్నారు.